తాగుడు మాన్పించడం ఎలా: మొదటి వారం, ఆ తరువాతి ఏడాది

మా వైపు, అంటే పరకాల, ములుగు, భూపాలపల్లి వైపు, తాగుడు మాన్పించే ప్రయత్నాలు ఎక్కువగా ఒట్టుతోనే మొదలవుతాయి. బిడ్డ తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయిస్తారు, లేదా సమ్మక్కకు మొక్కుకుంటారు, లేదా కార్తీకంలో అయ్యప్ప మాల వేయిస్తారు. ఆ రాత్రి నుంచే సీసా బంద్. ఒట్టు మీద నాకు చిన్నచూపు లేదు. అయితే ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్క రాత్రిలో మానేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చన్న సంగతి ఆ ఒట్టు వేయించే వారిలో చాలామందికి తెలియదు. మా ఇంట్లోనూ తెలియలేదు. అందుకని ఏ పని ముందు చేయాలో, ఏది తొందరపడి చేయకూడదో, ఇంటివారిని ఉద్దేశించి వరుసగా రాస్తున్నాను.

ఏమి తాగుతున్నారో రాసుకోండి

ఒక వారంపాటు గొడవ పడకుండా, ఒక నోటు పుస్తకంలో మూడు సంగతులు రాయండి: ఏమి తాగారు, ఎంత తాగారు, రోజులో మొదటి గుక్క ఎన్ని గంటలకు పడింది. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే. "మస్తుగ తాగుతడు సారూ" అన్న జవాబుతో ఆయన గోలీల మోతాదు లెక్కవేయలేరు. బెల్టు షాపు నుంచి తెచ్చే విస్కీ, బ్రాందీ అయితే లెక్క సులువు. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, అంటే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉన్నట్టు. గుడుంబాకు అటువంటి కొలత ఉండదు. అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాలు ఉంటే కంటిచూపు, ఒక్కోసారి ప్రాణం, పోతుంది.

కల్లు విషయంలో కాస్త ఆగి ఆలోచించాలి. గౌడన్న చెట్టు మీది నుంచి దించిన తాటికల్లులో, ఈతకల్లులో ఆల్కహాలు బీరుకు అటూఇటూగా ఉంటుంది. డిపోలలో, కాంపౌండ్లలో సీసాలలో పోసి అమ్మే కల్లంతా అటువంటిది కాదు. చెట్లు తక్కువై, తాగేవారు ఎక్కువైన చోట నీళ్లలో చక్కెర, శాక్రిన్ కలిపి, నిషా కోసం క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలామ్ వంటివి వేస్తున్నట్టు తెలంగాణలో ఎక్సైజు కేసులు ఏళ్ల తరబడి చూపుతూనే ఉన్నాయి. ఇవి నిద్రకు, మత్తుకు వాడే మందులు. కాబట్టి కల్తీ కల్లుకు అలవాటు పడిన మనిషికి ఉన్నది తాగుడు ఒక్కటే కాదు, తనకు తెలియకుండానే మింగుతున్న గోలీల అలవాటు కూడా. ఒకటి రెండు సీసాలకే నాలుక మొద్దుబారి కూర్చున్నచోటే నిద్రపోవడం, తెల్లవారి ఏమీ గుర్తులేకపోవడం, వేరే ఊరికి పోయినప్పుడు "అక్కడి కల్లు ఎక్కుత లేదు" అని తిరిగి పాత డిపోకే రావడం, ఇవి అనుమానించవలసిన గుర్తులు. ఏ డిపోలో తాగుతున్నారో కూడా రాసుకుని వైద్యుడికి చెప్పండి. కల్లు దగ్గర ఆడవారిని మరచిపోకూడదు: నాట్లకు, కలుపుకు పోయి వచ్చాక ఒక సీసా తాగే అవ్వలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు, వారిని తాగుబోతులని ఎవరూ అనరు కనుక వారికి చికిత్స కూడా ఎవరూ ఇప్పించరు.

మీరు రాసిన మూడింటిలో నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది మొదటి గుక్క సమయం. పొద్దున్నే చేతులు వణికి, చాయ గ్లాసు పట్టుకోలేక, ఒక గుక్క పడితే ఆ వణుకు ఆగుతున్నదంటే అది సరదా తాగుడు కాదు. శరీరం దానికి బానిస అయిందని అర్థం. అటువంటి మనిషికి తరువాతి పనులన్నీ వైద్యుడి చేతి మీదుగానే జరగాలి.

వైద్యుడు చూసేదాకా ఒక్కసారిగా బంద్ చేయించకండి

ఈ మాట విని చాలామంది ఇల్లాళ్లకు కోపం వస్తుంది. "మాన్పించుమంటే తాగించుమంటవా" అని నన్ను నిలదీసిన వారున్నారు. ఆల్కహాలు మెదడును మందగింపజేస్తుంది, మెదడేమో తన పని సాగడం కోసం దానికి ఎదురుగా ప్రతిరోజూ తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. తాడు లాగే ఆటలో ఒక పక్కవారు ఉన్నట్టుండి తాడు వదిలేస్తే రెండో పక్కవారు ఎలా వెల్లకిలా పడతారో, రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసినప్పుడు అతని మెదడు పరిస్థితి అలాగే అవుతుంది. చివరి గుక్క పడిన ఆరు నుంచి ఎనిమిది గంటలలో వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజు లోపల కొందరికి సన్నిపాతం వంటి స్థితి వస్తుంది: జ్వరం, లేనివి కనబడడం, ఏ ఊరిలో ఉన్నదీ ఏ రోజైనదీ తెలియకపోవడం. చికిత్స అందకపోతే ఈ స్థితిలో మనుషులు చనిపోతారు.

మా చిన్నబాపు మాల వేసుకున్న మూడో రాత్రి, రెండు గంటల వేళ చాప మీద లేచి కూర్చుని దుప్పటి మీద నుంచి ఏవో ఏరి పక్కన పడేస్తున్నాడు. "ఏందే గీ చీమలు, గింతగనం ఉన్నయ్, లైటెయ్" అని చిన్నమ్మను కేకలేశాడు. లైటు వేశాం. దుప్పటి మీద ఒక్క చీమ లేదు. కాసేపటికి లేచి, బాయికాడ మోటరు పెడుతున్నట్టు ఒట్టి గోడ మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ నొక్కసాగాడు. గాలి సోకిందని పెద్దవాళ్లు అన్నారు, మాలలో ఏదో తప్పు జరిగిందని మరొకరు అన్నారు. తెల్లవారి పక్క ఊరి నుంచి వచ్చిన ఆర్‌ఎంపీ డాక్టరు దండేనికి గ్లూకోజు సీసా వేలాడదీసి పోయాడు. మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చాయి, అప్పుడు 108కి ఫోను చేశాం. బతికాడు. కానీ మేము చేసిన ప్రతి పనీ తప్పే: ఒక్క రాత్రిలో మాన్పించడం, చీమలు కనబడిన రాత్రే ఆస్పత్రికి తీసుకుపోకపోవడం, ఆ గ్లూకోజు.

గ్లూకోజు గురించి చెప్పాలి, ఎందుకంటే నీరసంగా ఉన్న ఏ మనిషికైనా ముందుగా ఒక సీసా ఎక్కించడం మన ఊళ్లలో అలవాటు. దీర్ఘకాలం తాగినవారి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కొంచెం కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు తడబడడం, నడక తూలడం, ఆ తరువాత జ్ఞాపకశక్తి తిరిగి రానంతగా పోవడం ఆ కోవలోనివి. అందుకే ఆస్పత్రిలో ముందుగా థయమిన్ ఇంజెక్షను ఇస్తారు. ఊరిలో సీసా ఎక్కించుకోకండి. తప్పనిసరైతే "బి1 ఇచ్చిండ్రా" అని అడగండి.

కల్తీ కల్లు మానినవారి లెక్క వేరు. ఆల్ప్రజోలామ్ ఒంట్లో నుంచి త్వరగా పోతుంది కనుక ఒకటి రెండు రోజులలోనే బాధలు మొదలవుతాయి, డైజీపామ్ నెమ్మదిగా పోతుంది కనుక వారం తరువాత కూడా ఫిట్స్ రావచ్చు. మూడు రోజులు గడిచాయి కదా, గండం గట్టెక్కిందని అనుకోకండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతో, భ్రమలతో, ఫిట్స్‌తో జనం బారులు తీరారు. వారిలో చాలామంది తాగి కాదు, తాగడం ఆగిపోయినందువల్ల అక్కడికి వచ్చారు.

ఫిట్స్, లేనివి కనబడడం, జ్వరం, తికమక మాటలు, ఆగని వాంతులు: ఇందులో ఏ ఒక్కటి కనబడినా ఇంట్లో కూర్చుని ఆలోచించకుండా 108కి ఫోను చేయండి.

మాట ఎప్పుడు, ఎవరు ఎత్తాలి

తాగి వచ్చిన రాత్రి ఎత్తకండి. తెల్లవారి, మత్తు దిగి, వణుకు ఇంకా ముదరని గంటలో, ఆ మనిషి గౌరవించే ఒక్కరు మాట్లాడాలి. మేనమామ కావచ్చు, పెద్దబావ కావచ్చు. పదిమంది చుట్టూ చేరితే అది పంచాయితీ అవుతుంది. తాగుడు మానమని అడిగితే వాదన మొదలవుతుంది, "చేతుల వణుకుకు ఒకసారి డాక్టరుకు చూపిద్దాం" అంటే చాలామంది కాదనరు. ఒంటరిగా మాట ఎత్తడానికి జంకుగా ఉంటే 14446కు ఫోను చేయండి. అది మత్తు అలవాట్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు. మానసిక సమస్యలకు 14416, టెలీ మానస్, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇంట్లో కొట్టడం, కత్తి ఎత్తడం వరకు వచ్చిందంటే ముందు మీ ప్రాణం చూసుకోండి. 181 మహిళలకు, 112 పోలీసులకు. చికిత్స సంగతి ఆ తరువాత.

ఎక్కడికి తీసుకుపోవాలి

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి. అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. మీకు దగ్గరలోని జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడి ఓపీ ఏ రోజో ముందే కనుక్కుంటే బస్సు చార్జీలు మిగులుతాయి. మానసిక వైద్యుడి దగ్గరకు పోవడం పిచ్చికి గుర్తని అనుకునేవారికి, కాలేయం, ఫిట్స్, నిద్ర, తాగుడు నాలుగూ కలిసిన జబ్బు ఇది అని చెప్పండి. నోటు పుస్తకం, ఆధార్ కార్డు, ఇప్పటికే వాడుతున్న బీపీ, షుగరు గోలీల పట్టీలు వెంట తీసుకుపొండి. గతంలో ఫిట్స్ వచ్చి ఉంటే అది మొదటి వాక్యంలోనే చెప్పండి, ఎందుకంటే ఇంటి దగ్గర ఉంచి చికిత్స చేయాలా, చేర్చుకోవాలా అన్నది ఎక్కువగా దాని మీదనే ఆధారపడుతుంది.

ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రం అయితే చేర్పించే ముందు మూడు అడగండి: రిజిస్ట్రేషన్ ఉందా, రోజూ వచ్చే వైద్యుడు ఎవరు, ఇంటివారు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చా. మూడో ప్రశ్నకు నీళ్లు నమిలే చోట మనిషిని వదలకండి. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మనిషిని బలవంతంగా వ్యాన్‌లో ఎత్తుకుపోయి ఆరు నెలలు తాళం వేసి ఉంచితే అలవాటు పోతుందని చెప్పేవారు వైద్యం చేయడం లేదు.

గంజాయి సంగతి క్లుప్తంగా. హన్మకొండ హాస్టళ్లలో పిల్లలను చదివిస్తున్నవారికి దాని భయం ఎక్కువ. గంజాయి మానితే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం వంటివి వస్తాయి తప్ప తాగుడు మానినప్పటి ప్రాణాపాయం సాధారణంగా ఉండదు. కేసవుతుందన్న భయంతో దాచిపెట్టకండి: కొద్ది పరిమాణంలో వాడినందుకు కేసు ఎదుర్కొంటున్న అలవాటుపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే, 1985 మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షను కింద అతనికి రక్షణ ఉంది.

ఇంటికి వచ్చిన తరువాత

ఆస్పత్రిలో మొదటి అయిదు నుంచి పది రోజులు క్లోర్‌డయజెపాక్సైడ్ వంటి గోలీలు ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు. దీనితో ఒంటి బాధ తీరుతుంది. ఇంటివారు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు: మనిషి అన్నం తింటున్నాడు, వణుకు పోయింది, ఇక అయిపోయిందని గోలీలు మాన్పిస్తారు. ఒంట్లో నుంచి మత్తు దిగడం వారం పని. రోజూ సాయంత్రం ఆరు గంటలకు కాళ్లు డిపో వైపు నడవకుండా ఉండడం ఏడాది పని.

గోలీల విషయంలో రెండు జాగ్రత్తలున్నాయి. కోరికను తగ్గించడానికి వైద్యులు నాల్‌ట్రెక్సోన్ గానీ, ఎకాంప్రోసేట్ గానీ రాస్తారు. మొదటిదానికి కాలేయం, రెండోదానికి మూత్రపిండాలు పరీక్షించి మరీ ఇస్తారు. డైసల్ఫిరామ్ అని మూడోది ఉంది. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది; చివరి గోలీ వేసుకున్న రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. ఆ గోలీని, వేసుకునే మనిషికి తెలిసి, అతని సమ్మతితోనే ఇవ్వాలి. పప్పులో, చాయలో కలిపి పెట్టే "తాగుడు మాన్పించే పొడి" అంటూ అమ్మే ఏ మందునూ కొనకండి. అందులో ఏముందో మీకు తెలియదు, అది తిన్నట్టు అతనికి తెలియదు, ఆ సాయంత్రం అతను తాగితే ఏమవుతుందో ఊహించండి.

రెండో జాగ్రత్త నిద్ర గురించి. తాగుడు మానిన తరువాత వారాలు, ఒక్కోసారి నెలల తరబడి నిద్ర సరిగా పట్టదు. "నిద్ర లేక సస్తున్న, ఒక్క పెగ్గు ఏస్తే పండుకుంట" అన్న మాట అప్పుడే వస్తుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రగోలీ తెచ్చివ్వకండి. ఆ గోలీ చాలాసార్లు ఆల్ప్రజోలామే, అంటే కల్తీ కల్లులో కలిపేదే. ఒక గుంట పూడ్చి మరొకటి తవ్వినట్టు అవుతుంది.

ఇక సాయంత్రం. అయిదున్నర నుంచి ఎనిమిది దాకా ఉన్న సమయాన్ని ఖాళీగా వదలకండి. కోరిక అల వంటిది, లేస్తుంది, పదిహేను నిమిషాలో అరగంటో ఉండి దిగుతుంది. ఆ అరగంట గడిపించడమే పని. ఖాళీ కడుపు కోరికను రెట్టింపు చేస్తుంది కనుక ముందుగా ఏదైనా తినిపించండి. మా చిన్నమ్మ అయిదు కాగానే పొయ్యి మీద సర్వపిండి పెట్టేది, పల్లీలు, నువ్వులు వేసి, గిన్నె అడుగున అంచులు కరకరలాడేటట్టు. అది తిని, ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని, చిన్నబాపు మనుమరాలిని చెరువు కట్ట మీద నడిపించుకుని వచ్చేవాడు. కట్ట వైపు దారిలో డిపో లేదు, అందుకే ఆ దారి. ఆకలితో పాటు కోపం, ఒంటరితనం, అలసట కూడా మనిషిని సీసా వైపు తోసేవే. ఆ నాలుగింటిలో ఈ పూట ఏది ఉందో గమనించి దాని పని ముందు చూడండి.

డబ్బు చేతికి వచ్చే రోజును క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. ఎనుమాములలో పత్తి, మిర్చి అమ్మిన రోజు మార్కెట్ నుంచి ఇంటికి వచ్చే దారి పొడుగునా పిలుపులే. భూపాలపల్లిలో, గోదావరిఖనిలో దసరా ముందు సింగరేణి లాభాల వాటా పడే రోజు అటువంటిదే. ఆ రోజు ఇంటివారొకరు వెంట ఉండాలి, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి, ఫోన్‌లో డబ్బు పంపే యాప్ కొన్నాళ్లు ఇల్లాలి ఫోన్‌లోనే ఉండాలి. ఇది శిక్షగా కాకుండా, అతనితో మాట్లాడి, ఇన్ని నెలలని గడువు పెట్టుకుని చేసుకునే ఒప్పందంగా ఉంటేనే నిలుస్తుంది.

దావత్‌లు తప్పవు. పెళ్లికి పోవద్దంటే మనిషి చుట్టాలకే దూరమవుతాడు. ముందు పోయి, కడుపునిండా తిని, సీసాలు తెరిచే వేళకు బయలుదేరడం మంచిది. "మానేసిన" అంటే పదిమంది బతిమాలుతారు. "గోలీలు నడుస్తున్నయ్, తాగితే పడది, డాక్టరు వద్దన్నడు" అంటే చాలావరకు ఊరుకుంటారు. ఈ మాటను ఇంట్లో రెండుమూడుసార్లు బయటికి అనిపించండి, నవ్వుకున్నా సరే. బోనాలప్పుడు, మేడారంలో, సాక పోసిన కల్లు ప్రసాదం కదా అని ఒక గుక్క అందించే పెద్దమనిషి తప్పకుండా ఉంటాడు. చేతితో తాకి కళ్లకద్దుకుంటే చాలని ఇంట్లోని పెద్దవారితో ముందే చెప్పించండి. చావు ఇంటి దగ్గర, దినాల నాడు, ఇది మరీ కష్టం. మొదటి ఏడాది అటువంటి చోట రాత్రి ఉండనివ్వకండి.

మాల గురించి పైన అన్నాను. వైద్యుడి చేతి మీదుగా మత్తు దిగిన తరువాత మాల వేసుకుంటే 41 రోజుల దీక్ష నిజంగా పనికి వస్తుంది: తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, చుట్టూ తాగని స్వాములు, "స్వామీ" అని పిలిచే ఊరు. ప్రమాదమంతా మాల తీసిన నాడే. ఇన్నాళ్లు ఆగానన్న ధీమాతో, తోటి స్వాముల దావత్‌లో, పాత మోతాదు మీదనే చేయి వేస్తాడు. మాల తీసిన మరునాటికే వైద్యుడి అపాయింట్‌మెంట్ తీసుకుని ఉంచండి.

జారినప్పుడు

చాలామంది ఒకసారైనా జారతారు. అమెరికాలోని జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ లెక్క ప్రకారం చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మంది తిరిగి మత్తు వైపు పోతారు. బీపీ, ఉబ్బసం ఉన్నవారు చికిత్స తప్పి మళ్లీ జబ్బు పడే శాతానికి అది దగ్గరగా ఉంటుంది. బీపీ పెరిగిన మనిషిని మనం తిట్టం, గోలీ వేసుకున్నావా అని అడుగుతాం.

తాగి వచ్చిన రాత్రి అన్నం పెట్టి పడుకోనివ్వండి. తెల్లవారి, తాగడానికి ముందు మూడు నాలుగు గంటలలో ఏం జరిగిందో ఇద్దరూ కూర్చుని అదే నోటు పుస్తకంలో రాయండి: ఎవరు కలిశారు, తిన్నాడా, జేబులో ఎంత ఉంది, ఎవరితో మాట పెరిగింది. "ఎట్లాగు చెడిపోయింది, ఇంకొకటి తాగుదాం" అన్న ఆలోచన మొదటి గుక్క కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది కనుక, ఆ ఒక్క రాత్రిని ఒక్క రాత్రిగానే ఉంచడానికి ఇంటివారి మాట చాలా అవసరం. నెలల తరబడి మానిన ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదన్న సంగతి కూడా అతనికి చెప్పి ఉంచండి. డైసల్ఫిరామ్ వాడుతున్నవారు తాగితే ఇంట్లో ఎదురుచూడకుండా ఆస్పత్రికే పోవాలి. వరుసగా మూడు నాలుగు రోజులు తాగితే మళ్లీ ఒక్కసారిగా మాన్పించకండి, మొదటి నుంచి వైద్యుడి దగ్గరకే.

అప్పు తీర్చడం, మేస్త్రీకి "జ్వరమొచ్చింది" అని అబద్ధం చెప్పడం మీరు మానుకోండి, అది ప్రేమతో చేసినా తాగుడుకే సాయం. మద్యం మానినవారు కలిసి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు దగ్గరలో ఉంటే తీసుకుపొండి, ఇంటివారి కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. రెండింటికీ ఫీజు లేదు.

మా చిన్నబాపు మూడుసార్లు జారాడు. మూడోసారి పరకాల బస్టాండు నుంచి తానే ఫోను చేశాడు: "సీసా కొన్న, ఇంక తియ్యలే, వచ్చి తోలుకపో." చిన్నమ్మ ఆటో ఎక్కి పోయింది. ఆ సాయంత్రం పుస్తకంలో ఆయన రాయించినవి మూడే మాటలు: పొద్దటి నుంచి తినలేదు, పత్తి పైసలు, బస్సు రాలేదు.